గాలికి కూలిన అడవిలో ఏం చేయాలి? తాడ్వాయి ఆధారంగా అడుగడుగు మార్గదర్శి

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లాలో తాడ్వాయికీ మేడారానికీ మధ్యనున్న అడవి మీద ఒక గాలి విరుచుకుపడింది. ఏటూరునాగారం అభయారణ్యంలో ఆ ఒక్క పూటలోనే సుమారు 200 హెక్టార్లలో 50 వేల దాకా చెట్లు కూలాయని అటవీ శాఖ తొలి అంచనా వేసింది. మర్నాటికి ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఊళ్లను ముంచడంతో అందరి చూపూ అటు మళ్లింది. అడవి మాట వచ్చినప్పుడల్లా మాత్రం జనం అడిగేవి రెండే ప్రశ్నలు. పడిన చెట్లన్నీ ఎప్పుడు తీస్తారు? కొత్త మొక్కలు ఎప్పుడు నాటుతారు?

ఈ రెండింటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: అక్కడ ఏం మిగిలింది? రేపటి అడవి వచ్చేది ఆ మిగిలినదాంట్లోంచే. మట్టిలో ఒక వేరు ఇంకా పట్టుకుని ఉన్న చెట్టు, విరిగిన మోడు, గడ్డిలో దాక్కున్న పిల్ల మొక్క, గింజ రాల్చగల తల్లిచెట్టు, ఇవన్నీ పడినవాటి మధ్యనే ఉంటాయి. వాటిని చూడకుండా ట్రాక్టర్లు దింపితే గాలి చేసిన నష్టానికి మనం ఇంకొంత కలిపినవాళ్లమవుతాం. ఫారెస్ట్రీ చదివే విద్యార్థులు, బీటు ఆఫీసర్లు, వన సంరక్షణ సమితి సభ్యులు ఇలాంటి చోట అడుగుపెడితే ఏ వరుసలో పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. తాడ్వాయి లాంటి ఆకురాల్చే పొడి అడవి కోసమే ఇది. తీరంలో సరుగుడు తోటకో, కొండ మీద పచ్చటి అడవికో యథాతథంగా పనికిరాదు.

మొదటి అడుగు: అనుమతి, ప్రాణం

అభయారణ్యంలో పరిశోధన చేయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. దరఖాస్తులో ఎన్ని ప్లాట్లు (కొలతల కోసం హద్దు గీసే చిన్న చోట్లు) వేస్తారో, చెట్లకు నంబర్ల బిళ్లలు కొడతారో లేదో, మట్టి నమూనాలు తీస్తారో లేదో స్పష్టంగా రాయండి. తర్వాత ఒక్కొక్కటీ చేర్చబోతే మళ్లీ మొదటికి వస్తుంది.

కూలిన అడవి నిలబడిన అడవికంటే ప్రమాదం. పడుతూ పడుతూ పక్క చెట్టు కొమ్మల్లో ఇరుక్కున్న చెట్టు ఏ క్షణంలోనైనా జారుతుంది, దాని కింద నడవకండి. వంగి విల్లులా బిగిసిన పిల్లచెట్టును కత్తితో కొడితే ఎగిసి మొహం మీదికి వస్తుంది. అన్నిటికంటే మోసకారి, మట్టితో సహా లేచి గోడలా నిలబడిన వేరుముద్ద. మానును ఎవరైనా కోసి బరువు తీసేస్తే ఆ ముద్ద వెనక్కి గుంటలోకి కూర్చుంటుంది. ఆ గుంటలోకి దిగి కొలతలు తీసేటప్పుడు పైన రంపం పని జరగకూడదు. పశువులు కాసే పిల్లలు ఈ గుంటల్లో ఆడుకుంటారు. దగ్గరి గూడెంలో ఈ ఒక్క సంగతి చెప్పిగాని పని మొదలుపెట్టవద్దు.

రెండో అడుగు: హద్దు గీయడం

ఎంత మేర పడిందో ముందు ఉపగ్రహ చిత్రాల్లో చూసుకోవాలి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, ఒక్కో గడి 10 మీటర్లు. గాలివానకు ముందు చిత్రం, తర్వాతి చిత్రం పక్కపక్కన పెట్టి పచ్చదనం సూచికలో తేడా తీస్తే దెబ్బతిన్న మేర తేలుతుంది. వానకాలంలో మబ్బులు అడ్డమొస్తాయి కాబట్టి రాడార్‌తో చూసే సెంటినెల్-1 చిత్రాలనూ తోడు పెట్టుకోండి.

ఇక్కడ నేను స్వయంగా చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటిసారి ఇలాంటి పని చేసినప్పుడు సెప్టెంబర్ చిత్రాన్ని ఫిబ్రవరి చిత్రంతో పోల్చాను. అడవి సగం పోయినట్టు కనిపించింది. వెళ్లి చూస్తే చాలా చోట్ల చెట్లు నిక్షేపంగా ఉన్నాయి, రుతువును బట్టి ఆకు రాల్చాయంతే. ఆకురాల్చే అడవిలో ఎప్పుడూ అదే నెల చిత్రాన్ని పోయినేటి అదే నెల చిత్రంతోనే పోల్చాలి. అక్టోబర్, నవంబర్ నెలలు మంచివి. మబ్బు తగ్గుతుంది, ఆకు ఇంకా ఉంటుంది.

తేలిన హద్దును మూడు ముక్కలుగా విడదీయండి: దాదాపు అంతా పడిన చోటు, కొంత పడి కొంత నిలబడిన చోటు, ఏమీ కాని చోటు. ఈ మూడోది వృథా అనుకోకండి. పక్కనే, అలాంటి నేల మీదే గాలి తగలకుండా మిగిలిన అడవి మీ కొలతలన్నిటికీ పోలిక. అది లేకపోతే మోడుకు వచ్చిన చిగురు గాలివాన వల్ల వచ్చిందో, ఆ ఏటి మంచి వానల వల్ల వచ్చిందో చెప్పలేరు.

మూడో అడుగు: ప్లాట్లు

గుండ్రటి ప్లాటు తేలిక, మధ్యలో ఒక్క గుర్తు చాలు. 17.84 మీటర్ల వ్యాసార్థంతో గీస్తే సరిగ్గా 0.1 హెక్టారు వస్తుంది. పెద్ద చెట్లన్నీ అందులో. దాని లోపల 5.64 మీటర్ల వ్యాసార్థంతో ఇంకొకటి గీయండి, అది 100 చదరపు మీటర్లు, వాసం సైజు పిల్లచెట్ల కోసం. మొలకలు, చిన్న మొక్కల కోసం 2 మీటర్లు చదరంగా ఉండే గడులు ఎనిమిది, నాలుగు దిక్కులకూ నాలుగు మూలలకూ ఒక్కొక్కటి.

ఎన్ని ప్లాట్లు? 200 హెక్టార్లకు 0.1 హెక్టారువి 40 వేస్తే 2 శాతం నేల కొలిచినట్టు. శాఖ అంచనా ప్రకారం చూస్తే సగటున హెక్టారుకు 250 చెట్లు పడ్డాయి, అంటే ఒక్కో ప్లాటులో పాతిక దాకా. పడిన చెట్ల మధ్య నడక నెమ్మది. నలుగురున్న జట్టు రోజుకు రెండు ప్లాట్లకంటే ఎక్కువ చేస్తే కొలతల్లో తొందర కనిపిస్తుంది. చోట్లను ఇంట్లో కూర్చుని పటం మీద చీటీలు తీసినట్టు ఎంచుకోండి. అడవిలోకి వెళ్లి ఎంచుకుంటే కాళ్లు తెలియకుండానే నడవడానికి వీలున్న చోటికి తీసుకుపోతాయి.

మధ్య గుర్తుగా ఇనుప కడ్డీ పాతి, దగ్గరలో కదలని రెండు రాళ్లకు దూరం, దిక్కు రాసుకోండి. చెట్ల కింద జీపీఎస్ అయిదు, పది మీటర్లు తప్పుతుంది. దాన్నే నమ్ముకుంటే మూడేళ్ల తర్వాత కంపలో ఆ కడ్డీ దొరకదు.

నాలుగో అడుగు: పడిన చెట్టును చదవడం

ప్రతి చెట్టుకూ నంబరు, జాతి, చుట్టుకొలత. మన దగ్గర ఛాతీ ఎత్తు అంటే నేల నుంచి 1.37 మీటర్లు. పడిన చెట్టుకైతే వేరు మెడ (వేరూ మానూ కలిసే చోటు) నుంచి మాను వెంట అంతే దూరం. తర్వాత దెబ్బ ఎలాంటిదో రాయాలి: వేళ్లతో లేచిందా, మధ్యలో విరిగిందా, విరిగితే ఎంత ఎత్తులో, వంగిందా, కొమ్మలే పోయాయా, చెక్కుచెదరకుండా నిలబడిందా. పక్కనే ఇంకో గడి: ప్రాణం ఉందా, లేదా.

ఈ ఆఖరి గడినే జనం తేలిగ్గా తీసుకుంటారు. పడిన ఒక నల్లమద్ది దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. వేరుముద్ద ఒకవైపు మనిషెత్తున లేచి ఉంటుంది, ఎర్రమట్టి ఎండి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంటుంది. చుట్టూ తిరిగి అవతలి వైపు, కీలులా నేలకు ఆనిన చోటు చూడండి. అక్కడ చేతి మందం వేళ్లు రెండో మూడో తెగకుండా వంగి మట్టిలోకి దిగి ఉండవచ్చు. మొసలి వీపులా పగుళ్లు తీరిన ఆ బెరడును గోటితో గీకితే లోపల తడి, ఎరుపు కనిపిస్తే ఆ చెట్టు తాగుతూనే ఉంది. నెల తిరిగేసరికి పడుకున్న మాను పొడుగునా నిటారుగా చిగుళ్లు లేస్తాయి. అలాంటి చెట్టును చనిపోయిందని రాసి దుంగ కింద లెక్క కడితే, రాసిన చేయే దాన్ని చంపినట్టు.

అమెరికాలో మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ ఫారెస్ట్ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. 1938 సెప్టెంబర్‌లో న్యూ ఇంగ్లండ్‌ను ఒక పెను తుపాను నేలమట్టం చేసింది. ప్రభుత్వం పడిన కలపనంతా వీలైనంత వేగంగా తీయించింది. ఆ అడవి తర్వాత మారిన తీరులో గాలి వాటా ఎంత, కలప తీసిన వాటా ఎంత? అది తేల్చడానికి 1990లో రెండెకరాల మేర 270కి పైగా చెట్లను తాడు చుట్టి లాగే యంత్రంతో లాగి పడేసి, ఒక్క దుంగ కూడా తీయకుండా వదిలేశారు. పడినవాటిలో ఎక్కువ భాగం మరుసటి వసంతంలో ఆకు తొడిగాయి. తర్వాతి ఏళ్లలో వాటిలో చాలా చెట్లు చనిపోయినా, ఆ కొద్ది ఏళ్ల ఆకునీడలో నేల చల్లగా ఉండి, పోషకాలు కొట్టుకుపోకుండా నిలిచి, కింద పిల్లచెట్లు అందుకున్నాయి. చావు కూడా నెమ్మదిగా వస్తే అడవికి మేలే.

పడిన దిక్కు కూడా ముఖ్యం. వేరు నుంచి కొన వైపు దిక్సూచి పెట్టి డిగ్రీలు రాయండి. పటం మీద బాణాలుగా గీస్తే గాలి కథ బయటపడుతుంది. బాణాలు ఒక చోటి నుంచి విసనకర్రలా విప్పుకుంటే మబ్బు నుంచి కిందికి కూలి నేలను తాకి పరుచుకున్న గాలి. అవి ఒక గీత వైపు మెలితిరిగి చేరుకుంటే సుడిగాలి. సగటు తీసేటప్పుడు జాగ్రత్త: 350, 10 డిగ్రీల సగటు 180 కాదు, సున్నా. దిక్కుల సగటుకు సైన్, కొసైన్‌లతో చేసే లెక్క వేరే ఉంది, అదే వాడాలి.

వేరుముద్ద వెడల్పు, మందం కొలవండి. గుంట అడుగున రాయి తగిలిందా, గట్టి మొరం పొర ఉందా, నీరు నిలిచిందా? తాడ్వాయిలో పైమట్టి తక్కువనీ, వేళ్లు లోతుకు దిగలేదనీ అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ మాట ప్రతి ప్లాటులోనూ నిజమో కాదో చెప్పగలిగేది గుంటలో పెట్టిన టేపు. రెండు రోజుల వాన నేలను నానబెట్టాక గాలి వస్తే వేళ్లతో లేవడం ఎక్కువ, నేల పొడిగా ఉంటే మాను విరగడం ఎక్కువ. విరిగిన చోట లోపల పుచ్చు ఉందేమో చూడండి. పాత నిప్పు కాల్చిన మచ్చ దగ్గరే చాలా మానులు విరుగుతాయి.

అయిదో అడుగు: మిగిలిన ప్రాణాన్ని లెక్కపెట్టడం

మొత్తం పనికి గుండెకాయ ఇదే. ఎక్కువ రోజులు దీనికే ఇవ్వండి.

పొడి అడవి కొత్త తరం నాలుగు దారుల్లో వస్తుంది. మోడు చిగురు మొదటిది. టేకు, చిరుమాను, చెన్నంగి, నల్లమద్ది మోడు నుంచి చక్కగా లేస్తాయి. వేరు పిలకలు రెండోది, తునికికి ఇందులో సాటి లేదు. వేరు ఎక్కడ గాయపడితే అక్కడ పిలక వేస్తుంది. మూడోది ముందు నుంచే నీడలో కాచుకుని ఉన్న పిల్లమొక్కలు. నాలుగోది గింజ, ఈ ఏడు రాలేది, మట్టిలో ఉన్నది. మొదటి మూడూ ఇప్పటికే వేరున్నవి, అంటే కరువునూ నిప్పునూ తట్టుకున్నవి. గింజ మొక్క ఎండాకాలం దాటడమే గగనం.

మూడో దారి గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఏగిస, టేకు, నల్లమద్ది మొలకలు ఈ అడవిలో ఏటా వానకు చిగురించి, ఎండకో నిప్పుకో పైన చచ్చి, మళ్లీ వానకు లేస్తాయి. అలా ఎన్నో ఏళ్లు. ప్లాటు బయట జానెడు కూడా లేని ఒక టేకు మొక్కను ఎంచుకుని గునపంతో నెమ్మదిగా తవ్వి చూడండి. పైన పుల్ల అగ్గిపుల్లంత, రెండు ఆకులు. కిందికి పోతుంటే బొటనవేలంత వేరు, మెడ దగ్గర పాత చావుల ముడులు ఒకదాని మీద ఒకటి. పైన ఒక ఏడాది బిడ్డలా కనిపించేది నేలలో పదేళ్ల పెద్దది కావచ్చు. పందిరి తెరుచుకుని వెలుగు పడిన మొదటి వానకే ఇలాంటివి ఒక్క ఉదుటున లేస్తాయి. అందుకే ఎత్తు ఒక్కటే కాక మెడ దగ్గర మందం కూడా కొలవాలి. అర సెంటీమీటరు ఎత్తు మొక్కను కూడా వదలకండి, గడ్డిని చేత్తో పక్కకు తీసి వెతకండి.

ప్రతి గడిలోనూ జాతి, దారి, ఎత్తు, మెడ మందం, పశువులు మేసిన గుర్తు రాయండి. లాంటానా, వయ్యారిభామ లాంటి కలుపు కంప ఎంత శాతం కప్పిందో విడిగా రాయండి. లేచిన మట్టి దిబ్బలు కొత్త మొలకలకు మంచి పానుపు, రెక్కల గింజలున్న నల్లమద్ది, ఏగిస అక్కడ దిగుతాయి. లాంటానా కూడా సరిగ్గా అక్కడే దిగుతుంది.

నిలబడిన తల్లిచెట్లను ప్లాటుతో నిమిత్తం లేకుండా అడవంతా గుర్తించండి. ఇప్ప, మొర్రి, కరక, తాని ఎక్కడ మిగిలాయో తెలియాలంటే అక్కడి కోయ ఆడవాళ్లను అడగండి. పువ్వు ఏరే చెట్టు ఏదో, ఏ చెట్టు ఏ ఏడు బాగా కాసిందో వాళ్లకు చెట్టు చెట్టునా తెలుసు. వాళ్లతో ఒక రోజు నడిస్తే మీ పటంలో లేనివి చాలా దొరుకుతాయి. నడిచిన రోజుకు కూలి ఇవ్వండి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటగానే రాయండి.

ఆరో అడుగు: లెక్కలు

చెట్ల సంఖ్య మోసం చేస్తుంది. ఇరవై చెన్నంగి వాసాలు పడినా ఒక్క ముదురు మద్ది పడినంత లోటు కాదు. అందుకని మాను అడ్డుకోత వైశాల్యం లెక్క కట్టాలి: చుట్టుకొలతను మీటర్లలో రాసి, దాన్ని దానితోనే గుణించి 12.57తో భాగించాలి. 90 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 0.81ని 12.57తో భాగిస్తే 0.0644 చదరపు మీటర్లు. ప్లాటులో అలాంటివి పది పడితే 0.644, హెక్టారుకు పదింతలు, 6.44. పడినదాన్ని పడినదీ నిలిచినదీ కలిపిన మొత్తంతో భాగిస్తే ఆ ప్లాటు ఎంత శాతం పోగొట్టుకుందో వస్తుంది. జాతులవారీగా, మందాలవారీగా ఇదే లెక్క విడిగా తీయండి. ఎవరు పడ్డారో తెలిస్తేనే ఎవరిని తిరిగి తేవాలో తెలుస్తుంది.

గడుల లెక్క ఇంకా సులువు. 4 చదరపు మీటర్ల గడిలో ఒక్కటైనా బతికే చెట్టు జాతి మొక్కో పిలకో చిగురో ఉంటే ఆ గడి నిండినట్టు. అన్నీ నిండితే హెక్టారుకు కనీసం 2,500, సగం నిండితే 1,250. నేను పాటించే కొలమానం ఇది: సగానికి మించి గడులు నిండిన చోట ఒక్క మొక్క కూడా నాటవద్దు.

ఏడో అడుగు: దుంగలు తీయాలా?

అభయారణ్యాలు, జాతీయ పార్కుల నుంచి చచ్చిన, ఎండిన, గాలికి పడిన చెట్లనూ, గడ్డినీ తీయకూడదని సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో 2000 ఫిబ్రవరి 14న ఆదేశించింది. తాడ్వాయి అభయారణ్యం కాబట్టి అక్కడ ఇదే మొదటి మాట. అభయారణ్యం బయటి రిజర్వు అడవిలోనైతే వర్కింగ్ ప్లాన్, అంటే ఆ అడవికి శాఖ రాసుకున్న పని ప్రణాళిక, ఏం చెబుతుందో అది.

చట్టం పక్కన పెట్టి చూసినా ఈ అడవిలో మూకుమ్మడిగా తీయడానికి గట్టి కారణం నాకు కనిపించదు. 2005 జనవరిలో గుద్రున్ తుపాను స్వీడన్‌లో సుమారు 7.5 కోట్ల ఘనమీటర్ల కలపను పడగొట్టినప్పుడు వాళ్లు తీయక తప్పలేదు. అక్కడ ఎక్కువగా ఒకే జాతి స్ప్రూస్. పడిన మానుల్లో పెరిగిన బెరడు పురుగు తర్వాతి ఏళ్లలో నిలబడిన చెట్లనూ తినేసింది. మన దగ్గర ఇలాంటి భయం ఉన్నది గుగ్గిలపు (సాల్) అడవులకు. 1990ల చివర మధ్యప్రదేశ్‌లో తొలుచు పురుగు ఎన్నో లక్షల గుగ్గిలపు చెట్లను పొట్టన పెట్టుకుంది. పదుల జాతులు కలిసి పెరిగే తాడ్వాయిలో ఒకే పురుగు అన్నిటి మీదా పడదు.

దారుల మీద పడినవి తీయాలి, అందులో తర్జనభర్జన లేదు. మేడారం జాతరకు లక్షల మంది నడిచే అడవి అది. వాగులకు అడ్డం పడి నీటిని ఊరి వైపు మళ్లించేవీ, ఫైర్ లైన్ల (నిప్పు పాకకుండా శుభ్రం చేసి ఉంచే ఖాళీ పట్టీల) మీద పడినవీ తీయాలి. బయటి అడవుల్లో అనుమతితో కలప తీసేటప్పుడు నేల ఎండాకే, డిసెంబర్ తర్వాతే, ముందే గుర్తుపెట్టిన బాటల్లోనే బండి తిరగాలి. తడి నేలలో ట్రాక్టరు ఒక్కసారి పోతే చాలు, పైమట్టి గట్టిపడి పిల్లమొక్క వేరు దిగదు. పైమట్టి అసలే పలచన అయిన చోట ఇది మానని గాయం. వేరు పట్టు ఉన్న పడిన చెట్లకు ముందే సున్నం గుర్తు పెట్టి వాటి జోలికి పోకుండా చూడండి.

ఎనిమిదో అడుగు: నిప్పు

గాలి పడగొట్టిన అడవికి అసలు శత్రువు తర్వాతి రెండు ఎండాకాలాల్లో వస్తుంది. పెద్ద దుంగలకు నిప్పు తేలిగ్గా అంటదు. నిప్పును పరుగెత్తించేవి వేలు మందం కొమ్మలు, ఎండాకు, వెలుగు పడి ఏపుగా పెరిగిన గడ్డి. అంటుకున్నాక మాత్రం దుంగ రోజుల తరబడి కుములుతూ కింది మట్టినీ వేళ్లనూ కాల్చేస్తుంది.

అందుకని జనవరి చివరిలోగా ఫైర్ లైన్లు శుభ్రం కావాలి. సన్న కొమ్మలను నరికి మోడుల నుంచీ తల్లిచెట్ల మొదళ్ల నుంచీ దూరంగా, నేలకు ఆనేలా పరచండి. గాలిలో తేలే కొమ్మ ఎండుతుంది, నేలకు ఆనినది కుళ్లుతుంది. కుప్పలు వేయకండి.

మార్చిలో ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చే అలవాటు ఉంది. ఊడ్చి చిన్న కుప్పలుగా చేసి, ఉండి చూసుకుని కాల్చేవాళ్లే ఎక్కువ. తప్పుపట్టే ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఏ చెట్ల కింద ఏ వారం పని ఉంటుందో తెలుసుకుని, ఆ చెట్ల చుట్టూ ముందే కలిసి ఊడ్వవచ్చు. ఫైర్ వాచర్లను ఆ గూడేల నుంచే పెడితే పొగ కనిపించిన పది నిమిషాల్లో మనిషి అక్కడుంటాడు.

తొమ్మిదో అడుగు: మోడు, కంప, మొక్క

పైన రెండు మూడు మీటర్ల ఎత్తులో విరిగిన మానుకు విరిగిన చోటే చిగుళ్లు వస్తాయి. వాటి పట్టు తక్కువ, పెరిగాక గాలికి ఊడతాయి. అనుమతి ఉన్న అడవిలో అలాంటివాటిని ఎండాకాలం నిద్రలో ఉన్నప్పుడే నేలకు జానెడు ఎత్తులో, నీరు జారేలా ఏటవాలుగా, బెరడు చీలకుండా కోయండి. మొదటి వానకు నేల దగ్గర నుంచి చిగుళ్లు లేస్తాయి. రెండో ఏడు ఒక్కో మోడుకు అన్నిటికంటే కింద పుట్టిన బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయండి. కింద పుట్టినవి సొంత వేళ్లు వేసుకుంటాయి. మొదటి ఏడే ఈ పని చేస్తే మిగిల్చిన ఒక్కటీ పశువు నోట పడవచ్చు. అభయారణ్యంలో మాత్రం విరిగిన మానులను అలాగే ఉంచాలి. వడ్రంగిపిట్ట తొలిచే తొర్ర, ఆ తర్వాత చిలుకకూ గుడ్లగూబకూ ఇల్లు, వాటిలోనే.

లాంటానాను పైకి నరికితే పదింతలై వస్తుంది. పొద మొదట్లో మట్టి తీసి, నేల మట్టానికి నాలుగు వేళ్ల కింద తల్లివేరును తెగ్గొట్టి, పొదను తలకిందులుగా ఆరబెట్టాలి. కాయ పండకముందే చేయాలి. తీసిన చోట మూడేళ్ల పాటు ఏటా తిరిగి మొలకలు పీకాలి. అంత ఓపిక, డబ్బు ఉన్న మేరకే మొదలుపెట్టండి.

నాటడం ఆఖరి పని, అదీ రెండో వానకాలంలో, సగం గడులు ఖాళీగా ఉన్న చోట మాత్రమే. మొదటి వానలో ఏం లేస్తుందో చూడకుండా గుంతలు తీస్తే ఆ గుంతల్లో సగం పాత వేళ్ల మీదే పడతాయి. జాతులు ఆరో అడుగులో తేలిన లెక్క ప్రకారం: ఎవరు పడ్డారు, ఎవరి పిల్లలు కనిపించడం లేదు. సాధారణంగా ఈ జాబితాలో ఇప్ప, ఏగిస, మొర్రి లాంటివి ముందుంటాయి. ఇప్ప గింజ కొద్ది వారాలకే చచ్చిపోతుంది, జూన్, జూలైలో రాలగానే ఏరి వెంటనే వేయాలి. టేకు నాటాలన్న మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. టేకు అక్కడ మోడు నుంచి తనంతట తానే వస్తుంది. అభయారణ్యంలో ఖాళీ పడిన ప్రతి చోటా టేకు నింపితే అడవి పోయి తోట వస్తుంది, ఎలుగుకూ పక్షికీ పండు దొరకదు.

మేత విషయంలో ఊరితో ఒప్పందం కావాలి. మొత్తం మూసేస్తే మందలు రాత్రిపూట వస్తాయి. ఒక్కో వంతును మూడేళ్ల చొప్పున మూసి, గడ్డి కోసుకుపోవడానికి చట్టం వీలిచ్చిన చోట వీలివ్వడం నిలబడే పద్ధతి.

పదో అడుగు: తిరిగి వెళ్లడం

ఒక్కసారి కొలిస్తే అది ఫొటో. 1, 2, 3, 5, 10 ఏళ్లకు అదే నెలలో అవే ప్లాట్లకు వెళ్లాలి. చెట్లకు అల్యూమినియం మేకుతో బిళ్ల కొట్టి, మేకు తల రెండు వేళ్లు బయట ఉంచండి, మాను లావెక్కితే బిళ్లను మింగకుండా. మధ్య కడ్డీ దగ్గర నిలబడి నాలుగు దిక్కులకు అదే ఎత్తులో ఫొటోలు తీయండి.

ఏ దశలో ఉందో ఎలా చెప్పాలి? ఉత్తర అమెరికా అడవులను చూసి అటవీ శాస్త్రవేత్త చాడ్విక్ ఆలివర్ 1981లో నాలుగు దశలు చెప్పాడు. ఖాళీలో అందరూ మొలిచే దశ, ఇరుకై ఒకరినొకరు నీడతో చంపుకునే దశ, పైన సందు పడి కింద మళ్లీ మొలిచే దశ, చివరకు అన్ని వయసులూ కలిసిన ముదురు అడవి. మన పొడి అడవిలో ఇవి ఇంత వరుసగా రావు. మోడు చిగురు మొదటి దశను దాటేసి నేరుగా ఇరుకులోకి దూకుతుంది, పక్కనే నిప్పు కాల్చిన చోట గడ్డి పదేళ్లు మొదటి దశలోనే ఆపుతుంది. ఒకే హెక్టారులో రెండు దశలు పక్కపక్కన కనిపిస్తే మీ కొలత తప్పు కాదు, ప్లాటును ముక్కలుగా రాయండి.

ఏ పని వల్ల మేలు జరిగిందో తెలుసుకోవాలంటే ముట్టనివి, మోడు సవరించినవి, కంప తీసినవి, నాటినవి అని ఒక్కో రకానికి కనీసం నాలుగు ప్లాట్లు చీటీ వేసి పంచండి. ముట్టని ప్లాట్లను కాపాడటమే కష్టం. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు మంచి మనసుతోనే వాటిలో మొక్కలు నాటించే ప్రమాదం ఉంది. అందుకని ప్లాటు పటం ఒక ప్రతి రేంజి ఆఫీసులో, ఒకటి బీటు రిజిస్టరులో, ఒకటి గూడెంలో వన సంరక్షణ సమితి అధ్యక్షుడి ఇంట్లో ఉంచండి. కాగితం ప్రతి, పెన్సిలుతో రాసినది, ప్లాస్టిక్ సంచిలో. అయిదో ఏడు మీరు వెళ్లేసరికి ఫోన్లూ పాస్‌వర్డులూ మారి ఉంటాయి, కడ్డీకి దూరం చూపిన ఆ రెండు రాళ్ల కొలత మాత్రం ఆ సంచిలో దొరుకుతుంది.